పిండిమిల్లు బావ, గడ్డిపిట్టల లెక్క

మా బావ గురించి ఎవరడిగినా నేను ముందు నాలుగు తిట్టి, ఆ తరవాత చెబుతాను. అక్క మొగుడు కాబట్టి నాకా హక్కుంది. ఆయనకీ అలవాటైపోయింది. ఎప్పుడైనా తిట్టకుండా మాట్లాడితే, ఒంట్లో బాగోలేదా అని అడుగుతాడు.

బావది పిండిమిల్లు. ముప్పై ఏళ్ళుగా అదే మిల్లు, అదే మోటారు. పొద్దున్న తొమ్మిదింటికి మీట నొక్కాడంటే మధ్యాహ్నం ఒంటిగంట దాకా గోడలు వణుకుతూనే ఉంటాయి. లోపల మాటల్లేవు, అన్నీ సైగలే. కనుబొమలు, ముక్కు కొస, చొక్కా జేబు, అన్నీ తెల్లగా ఉంటాయి. స్నానం చేసి వచ్చినా చెవి వెనక కాస్త పిండి మిగిలే ఉంటుంది, అక్క తువ్వాలు తీసుకుని తుడుస్తుంది. మిల్లు ముందుగదిలో నా కుట్టుమిషను పెట్టుకున్నాను. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అందుకని పగలంతా నేను అక్కడే. మధ్య తలుపు వేసుకుంటే మోటారు మోత కాస్త తగ్గుతుంది. బావకి మాత్రం తలుపూ లేదు, తగ్గడమూ లేదు.

ఈయనకి పిట్టల పిచ్చి దగ్గుతో మొదలైంది. పంతొమ్మిదేళ్ళ కిందట పిండి ధూళికి ఊపిరాడక డాక్టరు దగ్గరికి వెళ్తే, రోజూ పొద్దున్నే మంచి గాలిలో నడవమన్నాడు. మిల్లు వెనక వీధి దాటితే రైలుకట్ట, కట్ట దిగితే పురపాలక సంఘం వాళ్ళ గడ్డిమైదానం. నడుమెత్తు గడ్డి, మధ్యలో ఎవరో ఎప్పుడో వదిలేసిపోయిన సిమెంటు గొట్టం. ఒక ఆదివారం అక్కడ నలుగురు బైనాక్యులర్లు పట్టుకుని నిలబడి ఉంటే, ఏమైనా పోయిందా, వెతికిపెట్టనా అని అడిగాడట. వాళ్ళు పక్షుల అధ్యయన కేంద్రం వాళ్ళు. మా ఇంట్లో దానికి పిట్టల ఆఫీసని పేరు. లెక్కపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదనీ, వారానికోసారి ఒకే చోట, ఒకే సమయానికి, పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడి, చూసినవీ విన్నవీ రాసి పంపితే చాలనీ చెప్పారు. అలా ఊరూరా ఎందరో రాసిన కాగితాలు కలిపితేనే ఏ పిట్ట పెరుగుతోందో, ఏది తరిగిపోతోందో శాస్త్రవేత్తలకి తెలుస్తుందట. జీతం లేదు, పేరూ రాదు. ఆ నలుగురూ మళ్ళీ మా మైదానానికి రాలేదు. మా బావ మాత్రం ఆ గొట్టం ఎక్కాడు, ఇక వదల్లేదు.

ఆదివారం పొద్దున్న ఆరున్నర అంటే ఆరున్నరే. నా పెళ్ళి ఆదివారం వచ్చింది. పెళ్ళికూతురి బావ, సామాన్లు చూసుకోవాల్సిన మనిషి, ఏడున్నర దాకా కనపడలేదు. పెళ్ళి ఫోటోల్లో చివరి వరసలో నిలబడి ఉంటాడు, కొత్త ప్యాంటుకి మోకాళ్ళ దాకా గడ్డిగింజలు అంటించుకుని. ఆ ఫోటో చూసినప్పుడల్లా నేనొక కొత్త తిట్టు కనిపెడతాను.

ఒకసారి కుండపోత వాన. గొడుగేసుకుని వెళ్ళి, తడిసి ముద్దై వచ్చి, పుస్తకం నిండా సున్నాలు రాశాడు. ఆ సున్నాలేవో ఇంట్లో పడుకుని రాయొచ్చుగా అన్నాను.

"పడుకుని రాస్తే అబద్ధం, నిలబడి రాస్తే లెక్క" అన్నాడు, తల తుడుచుకుంటూ. అప్పటినించీ వీధిలో ఆయనకి సున్నాల మావయ్య అని పేరు పడింది. పెట్టింది నేనే.

ఇంకో నియమం ఉంది, అదే కొంప ముంచింది, కాబట్టి చెప్పాలి. ఆయన కళ్ళు చూడాలి, ఆయన చెవులు వినాలి. పక్కవాళ్ళు చూపించింది, చెప్పింది రాయకూడదు. ఎందుకయ్యా అంటే, ఈ వారం పక్కన మనిషి ఉంటాడు, వచ్చే వారం ఉండడు, కళ్ళు పెరిగితే పిట్టలు పెరిగినట్టు లెక్క తేలుతుంది అంటాడు. ఒకసారి నేను వెంట వెళ్ళాను. ఆయన వీపు వెనక ఇంత గద్ద, రెక్కలు చాపుకుని, చెట్టంత ఎత్తులోనే పోతోంది. చొక్కా పట్టుకుని లాగాను. ఆయన తిరిగేసరికి అది కట్ట దాటింది. రాయలేదు. బతిమాలినా రాయలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. నేను అలిగి, అంతటితో ఆదివారాలు వెంట వెళ్ళడం మానేశాను.

అన్ని పిట్టల్లోకీ ఆయనకి ప్రాణం గడ్డిపిట్ట. పుస్తకంలో దానికేదో పొడుగాటి పేరుంది, మేం గడ్డిపిట్ట అనే అంటాం. బొటనవేలంత ఉంటుంది. గడ్డిరంగే దాని రంగు, కూర్చుంటే కనపడదు. గడ్డిలోంచి పైకి లేచి, గాలిలో ఎగిరెగిరి పడుతూ, పడినప్పుడల్లా జిట్ అంటుంది, జిట్, జిట్, జిట్. కాబట్టి దాన్ని చూసి లెక్కపెట్టడం కుదరదు, విని లెక్కపెట్టాలి. బావ గొట్టం మీద కళ్ళు మూసుకుని నిలబడి, ఎటువైపు నించి కూత వస్తే అటు మొహం తిప్పి, ఒక్కో వేలూ మడిచేవాడట. పద్నాలుగు, పదిహేను, ఒక మంచి ఏడాదిలో ఇరవై రెండు. ఆ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. నాలుగేళ్ళ కిందట పిట్టల ఆఫీసు వాళ్ళు ఇకమీదట కాగితాలు వద్దు, ఫోన్లో పంపమన్నారు. బావ వేళ్ళకి ఫోను పలకదు. మిషను పక్కన కూర్చుని, పాత పుస్తకాలతో సహా అన్నీ నేనే ఎక్కించాను. తిట్టుకుంటూనే ఎక్కించాను.

అప్పుడు చూశాను. ఆరేళ్ళ కిందటి నించీ గడ్డిపిట్టల లెక్క దిగిపోతూ వస్తోంది. పదకొండు, ఎనిమిది, అయిదు. మిగతావి బాగానే ఉన్నాయి. కొంగలు కొంగల్లాగే ఉన్నాయి, పావురాలూ గోరింకలూ ఎక్కువయ్యాయి కూడా. గడ్డిపిట్ట ఒక్కటే రెండుకొచ్చింది, ఆ తరవాత సున్నా. బావ ఆదివారాలు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. పిట్టల కోసం మనిషి తిండి మానేస్తాడా అని అక్క విసుక్కునేది. నాకు మాత్రం జాలేసింది, పైకి అనలేదు.

అలాంటప్పుడు మనిషి కారణం వెతుకుతాడు. బావకి కారణం కళ్ళెదురుగానే దొరికింది. ఆ మైదానంలో పొద్దున్నే నలుగురైదుగురు ఆడవాళ్ళు పశువుల కోసం గడ్డి కోసుకుపోతారు. వాళ్ళలో పెద్దావిడని మేం మోపులామె అంటాం. అరవై దగ్గర పడినా తన ఎత్తు మోపు తలకెత్తుకుని చరచరా కట్ట ఎక్కుతుంది. ఇంట్లో రెండు గేదెలు, మంచాన పడ్డ మొగుడు. ఆ గడ్డి లేకపోతే గేదెల్లేవు, గేదెలు లేకపోతే పొయ్యి లేదు. మొదట బావ మర్యాదగానే వెళ్ళి, మధ్యలో గొట్టం చుట్టూ ఉన్న ముక్క కోయొద్దు, అక్కడ గూళ్ళు పెడతాయి అని అడిగాడు. ఆవిడ సరే అంది, మిగతావాళ్ళకీ చెప్పింది. మరుసటి ఏడు లెక్క ఇంకా పడిపోయింది. ఇంకేముంది, మాటిచ్చి దొంగచాటుగా కోస్తోందని బావ నమ్మేశాడు. ఒకరోజు మిల్లులో పదిమంది ముందూ ఆవిణ్ణి దొంగ అన్నాడు. మోటారు ఆపి మరీ అన్నాడు.

"అవెక్కడికీ పోలేదన్నా. పొద్దున లేస్తే నా నెత్తిమీదే అరుస్తున్నాయి" అందావిడ.

గడ్డి కోసం ఎంత మాటైనా చెబుతారని బావ అన్నాడు. నేనూ బావ వైపే మాట్లాడాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నాకే కోపం వస్తుంది. ఆవిడ సంచి తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ మా మిల్లు మెట్టెక్కలేదు. బావ ఆ వారం నించీ పుస్తకంలో చివరి గడిలో, గమనికలు రాసే చోట, ప్రతి ఆదివారమూ ఒకటే ముక్క రాస్తూ వచ్చాడు: గడ్డి కోత, గూళ్ళు పాడు. అదీ నేనే ఫోన్లోకి ఎక్కించాను. మూడేళ్ళు.

ఇక అసలు సంగతి. మొన్న ఎండలు తగ్గాక ఒక సోమవారం పిట్టల ఆఫీసు నించి సందేశం వచ్చింది. రాసింది అక్కడి శాస్త్రవేత్త, మేం డాక్టరమ్మ అంటాం. మా మైదానంలో గడ్డిపిట్ట పూర్తిగా పోయే స్థితికి వచ్చిందనీ, పంతొమ్మిదేళ్ళు తప్పకుండా ఒకే చోట తీసిన లెక్క ఇంకెక్కడా లేదనీ, కారణం కూడా లెక్కలోనే రాసి ఉందనీ చెప్పింది. దాని ఆధారంగా మైదానం చుట్టూ కంచె వేసి, గేటుకి తాళం పెట్టి, గడ్డి కోత ఆపించమని పురపాలక సంఘాన్ని కోరుతున్నారట. శనివారం పురపాలక సంఘం హాలులో సమావేశం, బావ వచ్చి మాట్లాడాలి. లెక్కలు తీసేవాళ్ళందరూ ఒకసారి సరిచూసుకోవడానికని గడ్డిపిట్ట కూత రికార్డు చేసి పంపింది.

బావ ఆ సందేశం నాలుగుసార్లు చదివించుకున్నాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఎవరో ఆయన లెక్క చూసి ఒక పని చేస్తామన్నారు. తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. మాట్లాడాల్సింది మిల్లు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం మోటారు ఆగాక, భోజనానికి ముందు, ఆ కూత వినిపిద్దామని ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి నొక్కాను. ఆయన కాసేపు విని, ఏం రావట్లేదు, మళ్ళీ నొక్కు అన్నాడు. మళ్ళీ నొక్కాను. ఫోను పాడైనట్టుంది, రిపేరుకి ఇవ్వు అన్నాడు. నాకు శుభ్రంగా వినిపిస్తోంది. సరదాకి అంటున్నాడేమో అనుకుని నవ్వాను.

లోపలి గదిలోంచి అక్క కేకేసింది. "ఏంటే ఆ జిట్ జిట్ గోల? ఆపు, తల నొప్పి పుడుతోంది."

బావ అక్క ఉన్న గది వైపు చూశాడు, తరవాత నా మొహం చూశాడు, తరవాత ఫోను చూశాడు. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకోసారి పెట్టు అన్నాడు. మొత్తం పదకొండుసార్లు పెట్టాను. చివరికి చేత్తో వద్దని సైగ చేశాడు, మోటారు తిరుగుతున్నప్పుడు చేసినట్టే.

ఆ తరవాత ఇంట్లో ఒక్కొక్కటీ బయటపడ్డాయి. కుక్కరు విజిల్ వేస్తే లేచి ఆపడు. గుమ్మం గంట కొడితే కదలడు. ఫోను మోగితే మేమే అందివ్వాలి. ఇవన్నీ బద్ధకం అనుకున్నాం. మన మాటలు వినిపిస్తాయి, కాకి అరిస్తే వినిపిస్తుంది, లారీ వస్తే పక్కకి జరుగుతాడు. చెవుడని ఎలా అనుకుంటాం? ముప్పై ఏళ్ళుగా నా మాట విన్న పాపాన పోలేదు, ఇప్పుడు చెవులు పోయాయని నాకెలా తెలుస్తుంది అని అక్క తల పట్టుకుంది. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది, అక్కకీ వచ్చింది, ఇద్దరం నవ్వి ఏడ్చాం. బావ మాత్రం నవ్వలేదు.

శుక్రవారం పొద్దున్నే నన్ను లేపి మైదానానికి తీసుకెళ్ళాడు. తాను గొట్టం మీద నిలబడి, నన్ను కింద నిలబెట్టి, కూత వినపడ్డప్పుడల్లా వేలెత్తి అటు చూపించమన్నాడు. నేను వెళ్ళిన ఆదివారాల్లో ఆ జిట్ జిట్ నా చెవిన పడకపోలేదు. ఏ కీచురాయో అనుకున్నాను, నా తెలివి అలా ఏడ్చింది. ఇప్పుడు మైదానం నిండా అదే చప్పుడు. నా రెండు చేతులూ దించడానికి తీరిక లేదు. బావ నా వేలు చూపిన వైపల్లా బైనాక్యులర్లు తిప్పుతూ పోయి, ఒక చోట ఆగిపోయాడు. గడ్డిపరక మీద పిట్ట కూర్చుని ఉంది.

"అరుస్తోందా?"

"అరుస్తోంది బావా."

"నోరు తెరుస్తోంది" అన్నాడు. చాలాసేపు చూశాడు. "ఇప్పుడో?"

"ఇప్పుడు కూడా."

ఆయన బైనాక్యులర్లు దించలేదు. వాటి కింద నించి నీళ్ళు చెంప మీదికి కారుతుంటే నేను వేరే వైపు తిరిగి వేళ్ళెత్తుతూ నిలబడ్డాను. పదిహేను నిమిషాల్లో పదిహేడు లెక్క తేలాయి. గొట్టం చుట్టూ గడ్డి ఎక్కడా కొడవలి తగలకుండా నా భుజం ఎత్తు ఉంది. అదీ ఆరోజే సరిగ్గా చూశాం.

ఇంటికొస్తూ దారంతా నేనే వాగాను. నేను చెప్పిన సలహా ఏమిటో దాచుకోను. ఊరుకో బావా అన్నాను. ఇది మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు. రేపు వెళ్ళకు, జ్వరమని చెబుతాను. లేదా వెళ్ళి, ఈ ఏడు కాస్త కోలుకున్నట్టున్నాయని చెప్పు. కంచె పడితే పడనీ, పిట్టలకి మంచిదేగా. ఆయన కట్ట మీద ఆగాడు. కంచె పడితే మోపులామె ఎక్కడ కోసుకుంటుంది అని అడిగాడు.

కానీ ఆయన భయమూ చిన్నది కాదు. చెవులు పోయాయని ఒప్పుకుంటే ఈ ఆరేళ్ళే కాదు, మొత్తం పంతొమ్మిదేళ్ళ మీదా మచ్చ పడుతుంది. ఇక లెక్క పంపొద్దంటారు. మిల్లు మీటకి ఎవరి చెయ్యైనా సరిపోతుంది, ఆ గొట్టం మీద నిలబడడం ఒక్కటే నాకు వచ్చిన విద్య అన్నాడు. అది కూడా రాదని పదిమందిలో ఎలా చెప్పను అని అడిగాడు. నన్ను అడిగాడో, తనని తానే ప్రశ్నించుకున్నాడో తెలీదు. ఆరోజు మిల్లులో పిండి మొత్తం రవ్వరవ్వగా పడింది, ముగ్గురు తిరిగి తెచ్చి ఆడించుకుపోయారు.

శనివారం ముగ్గురం వెళ్ళాం. బావ చంకలో మూడు నోటుపుస్తకాలు. ఆయన ఏం చెబుతాడో మాకూ చెప్పలేదు. హాలులో ప్లాస్టిక్ కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాన్లు, ముందు వరసలో అధికారులు. వెనక గోడ దగ్గర గడ్డి కోసేవాళ్ళు నిలబడి ఉన్నారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. మోపులామె మా వైపు చూసి మొహం తిప్పుకుంది. డాక్టరమ్మ గోడ మీద బొమ్మ వేసి చూపించింది, మెట్లు దిగినట్టు దిగుతున్న గీత. తరవాత బావ రాసిన ముక్క చదివింది, గడ్డి కోత, గూళ్ళు పాడు. మూడేళ్ళుగా వారం వారం ఇదే రాశారని చెప్పింది. అధికారి కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. లెక్క తీసిన పెద్దాయన రెండు మాటలు చెబుతారని బావని పిలిచారు.

బావ లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"ఆ లెక్క తప్పు" అన్నాడు. "పిట్టలు పోలేదు. నా చెవులు పోయాయి."

ఆయన మిల్లు సంగతి, ఫోను సంగతి, శుక్రవారం సంగతి వరసగా చెప్పాడు. దాచింది ఒక్కటే, నా సలహా. ఎప్పటినించి వినపడట్లేదని డాక్టరమ్మ అడిగింది. తెలీదన్నాడు. తెలీదు కాబట్టి గీత ఎక్కడ దిగడం మొదలైందో అక్కణ్ణించి ఆరేళ్ళదీ కొట్టేయమన్నాడు. ఆరేళ్ళ ఆదివారాలు. ఆ ఆదివారాల్ని అందరికంటే ఎక్కువ తిట్టింది మా అక్క. కొట్టేయమనగానే లేచి, కొట్టేయడానికి వీల్లేదు, ఆయన ఒక్క వారం ఇంట్లో ఉండలేదు అని ఆవిడే గొడవ పెట్టుకుంది.

డాక్టరమ్మ మంచి మనిషి. తిట్టలేదు. మోత మధ్య పనిచేసేవాళ్ళకి ముందు సన్నటి కూతలే పోతాయనీ, బొంగురు గొంతులు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలీదనీ, ఏడాదికోసారి చెవులు చూపించుకోమని తామే చెప్పాల్సిందనీ అంది. కంటితో చూసిన పిట్టల లెక్కకి ఢోకా లేదు, విని రాసే నాలుగు రకాలవి మాత్రం పక్కన పెడతామంది. ఇకమీదట రాసే మనిషీ వినే మనిషీ వేరువేరుగా ఉండొచ్చు, ఆ మాట పుస్తకంలో రాస్తే చాలు అంది. బావ నా వైపు చూశాడు. నా ఆదివారాలు ఆ నిమిషంతో సరి. అధికారి పెన్నుకి మూత పెట్టేశాడు. కంచె కాగితం పక్కకి పోయింది, గడ్డి ఎప్పటిలాగే కోసుకోవచ్చన్నాడు. జనం లేచారు.

అందరూ లేచాక మోపులామె ముందుకొచ్చింది. మిగతావాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు.

"పిట్టల లెక్క కొట్టేయించావు, సరే అన్నా" అంది. "నన్ను దొంగని రాశావే. అదెవరు కొట్టేస్తారు?"

బావ క్షమించమన్నాడు. చేతులు జోడించాడు కూడా. ఆవిడ ఆ చేతుల వైపు చూడలేదు, పుస్తకాల వైపు చూసింది. అవి తెరవమంది. తనకి చదువు రాదు కాబట్టి, కొట్టేసే ముందు ప్రతిదీ నన్ను పైకి చదవమంది.

బావ బల్ల దగ్గర కూర్చుని మొదటి పుస్తకం తెరిచాడు. నేను చదివాను, గడ్డి కోత, గూళ్ళు పాడు. ఆయన గీత కొట్టాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ చదివాను. మళ్ళీ కొట్టాడు. హాలుకి తాళం వేసే అబ్బాయి వచ్చి నిలబడ్డాడు, ఎంతసేపు అని ఎవరూ అడగలేదు. ఒక పాతిక అయ్యేసరికి నాకు సిగ్గేసింది. ఇవన్నీ నా వేళ్ళతో ఎక్కించినవే. యాభై దాటాక గొంతు ఎండిపోయింది, అక్క నీళ్ళిచ్చింది. మోపులామె మాత్రం నీళ్ళు వద్దంది. గీత పడ్డప్పుడల్లా బల్ల అంచు మీద వేలు ఒక్క గణుపు జరుపుకుంటూ నిలబడింది. నా గొంతు బావకి బాగానే వినిపిస్తుంది. ఒక్కోటి చదివినప్పుడల్లా ఆయన తల ఇంకొంచెం కిందికి వంగింది. మూడో పుస్తకం చివర అట్ట దాకా వచ్చాం. నూట యాభై ఒకటి. ఆవిడ తల ఊపి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

బావ పుస్తకాలు సర్దుకుంటూ, అలవాటు కొద్దీ మళ్ళీ ఒకసారి పేజీలు తిరగేశాడు. తిరగేసి ఆగాడు. రెండు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి, విడదీస్తే లోపల ఒకటి మిగిలి ఉంది. ఎవరికీ తెలీదు. ఆయన చూడనట్టు ఊరుకుంటే సరిపోయేది. ఆయన పుస్తకం పట్టుకుని మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తాడు, వెనకే నేను, నా వెనక అక్క. ఆవిడ అప్పటికే మలుపు దాకా పోయింది. బావ కేకలేస్తూ వెళ్ళి ఆవిడకి అడ్డంగా నిలబడి, ఇంకోటి ఉందమ్మా అన్నాడు, రొప్పుతూ.

ఆవిడ ఆయన మొహంలోకి మొదటిసారి నేరుగా చూసింది. చదవమని నాకు సైగ చేసింది. బండ్లు అటూ ఇటూ పోతుంటే నడివీధిలో నేను చదివాను. బావ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని గీత కొట్టాడు.

"మూడేళ్ళు ఏడ్చానన్నా" అందావిడ. అని అక్కడే, మూసి ఉన్న ఏదో కొట్టు మెట్టు మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా బావ కాస్త దూరంగా అదే మెట్టు మీద కూర్చున్నాడు, ఆవిడ లేచేదాకా లేవలేదు.